ఆరు వేల కుడిచేతులు

ఫిబ్రవరి 4

పిడుగూ,

ఇక్కడ క్షేమం అని మొదలుపెట్టబోయి ఆ ముక్క కొట్టేశాను. క్షేమంగా లేను. ఒళ్ళు మండిపోతోంది. జ్వరం కాదు, మా మేనేజరు.

ఇది చదివి ఫోన్ చెయ్యకు. కోపం వస్తే ఫోన్లో నాకు మాట తడబడుతుంది, నువ్వేమో మధ్యలో "అత్తా, ముందు కాసిని నీళ్ళు తాగు" అంటావు. కాగితం అలా అనదు, నేను చెప్పేదాకా ఊరుకుంటుంది.

మా ఫ్యాక్టరీలో కోత మెషీన్ దించారని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఇరవై ఆరేళ్ళుగా వెల్డింగ్ పనివాళ్ళ తోలు గ్లౌజులకి అట్ట గీసేదీ నేనే, ఆ అట్ట పెట్టి తోలు కోసేదీ నేనే. ఇప్పుడు అట్ట మాత్రం నాది. ఇంజనీరు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, మెషీన్ కోస్తుంది. సరే, చేతులకి నొప్పి తగ్గుతుంది కదా అనుకున్నాను. కుడిచేతి అట్ట ఒకటి గీసి ఇచ్చి, దాని మీద చీటీ అంటించాను. "ఎడమచేతికి ఇదే తిరగేసి కొయ్యాలి" అని. ఇన్నేళ్ళుగా నా కింద పనిచేసిన వాళ్ళందరికీ అదే మాట చెప్పాను. ఒక్కరూ పొరబడలేదు.

మొదటిరోజే ముక్కలు తీసేశాక మిగిలిన తోలు చూశాను. కంతలన్నీ ఒకే చేతివి. వెళ్ళి మేనేజరుకి చెప్పాను. ఆయన నన్ను కంప్యూటర్ తెర దగ్గరికి పిలిచి, "చూడండి మాస్టరమ్మా, సగం బొమ్మలకి బొటనవేలు కుడివైపుంది, సగానికి ఎడమవైపుంది. మెషీన్ మనిషిలా పొరబడదు" అన్నాడు. రెండోరోజు కుట్టేవాళ్ళు చెప్పారు. "కుట్టడం మీ పని, చూడ్డం మా పని" అన్నాడు. పదోరోజు జత కట్టే బల్ల దగ్గర బయటపడింది. ఆరు వేల గ్లౌజులు. ఆరు వేలూ కుడిచేతివే.

ఇప్పుడు తప్పెవరిది? నాదట. నా చీటీ అర్థమయ్యేలా లేదట. "నా సూచన అస్పష్టంగా ఉండటం వల్ల ఈ పొరపాటు జరిగింది" అని టైపు చేసిన కాగితం ఇచ్చి, నెలాఖరులోగా సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే మార్చి నుంచి రానక్కర్లేదు. అంతదాకా నన్ను అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నా కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కత్తెర ఏం చేసింది పాపం.

మెషీన్‌కి ఇచ్చిన అంకెల కాగితం గోడకి అంటించి ఉంది. x అని, y అని, పక్కన చిన్న గీతలు. నువ్వు పిల్లలకి చెప్పేది అదే కదా. అందులో ఏముందో నాకు చెప్పు.

అత్త


ఫిబ్రవరి 9

అత్తకి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. నవ్వకూడదు గానీ కత్తెర దగ్గర నవ్వొచ్చింది. మా ఇంగ్లీషు టీచరు ఏమిటని అడిగితే ఆమెకీ చదివి వినిపించాను. ఏమనుకోకు.

ఇక్కడ తనిఖీ హడావుడి. బల్లలకి రంగులు వేయించారు, ఇంకా ఆరలేదు. పిల్లల మోచేతులన్నీ ఆకుపచ్చ. ఇల్లు అద్దెకిచ్చినాయన పైకప్పు కారుతుందని ఒప్పుకోడు, బకెట్ నిండితే మాత్రం వచ్చి చూసి వెళ్తాడు.

నువ్వు అడిగింది మా తొమ్మిదో తరగతి పాఠమే. గళ్ళ కాగితం మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీస్తాం. అడ్డగీత x, నిలువుగీత y. రెండూ కలిసిన చోటు సున్నా. అక్కణ్ణుంచి కుడికి ఎన్ని గళ్ళు, పైకి ఎన్ని గళ్ళు అని రెండంకెలు చెప్తే ఏ బిందువైనా దొరికిపోతుంది. ఎడమకి వెళ్తే, కిందికి వెళ్తే అంకెకి ముందు మైనస్ గీత. నువ్వు చూసిన చిన్న గీతలు అవే. అలా పెట్టిన బొమ్మని పక్కకి జరపొచ్చు, సున్నా చుట్టూ తిప్పొచ్చు, అద్దంలో చూసినట్టు అవతలి వైపుకి వెయ్యొచ్చు. ఏం చేసినా బొమ్మ కొలతలు మారవు. పాత బొమ్మా కొత్త బొమ్మా సర్వసమానం అంటాం.

అందుకే నాకొక అనుమానం. తిప్పినా, తిరగేసినా కొలత మారదు కాబట్టి మెషీన్ వల్ల తేడా రాకూడదు. తేడా వచ్చిందంటే అట్ట ఇచ్చేటప్పుడే ఏదో అటూ ఇటూ అయి ఉంటుంది. నువ్వు అట్టని వెనక్కి పెట్టి ఇచ్చావేమో. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, మా పిల్లలు రోజూ చేస్తారు.

ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తే పోయేదేముంది అత్తా. ఇంకో నాలుగేళ్ళు హాయిగా పని చేసుకుంటావు. ఆయన అహం ఆయనది.

వేళకి తిను.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 13

లెక్కల టీచరు గారికి,

సర్వసమానమట. రేపు నీ కుడికాలి చెప్పులో ఎడమకాలు పెట్టుకుని బడిదాకా నడు. వెళ్ళి పిల్లలకి సర్వసమానం గురించి చెప్పు. కొలత ఒకటే కదా, సరిపోవాలి.

ఇరవై ఆరేళ్ళు తోలు కోసినదాన్ని అట్ట వెనక్కి పెట్టి ఇచ్చానంటావా? నువ్వు మూడోక్లాసులో ఉన్నప్పుడు మా బల్ల కింద కూర్చుని తోలుముక్కలు ఏరుకునేదానివి. అప్పుడు నీకు తెలుసు ఏ ముక్క ఏ చేతిదో. పైగా నా ఉత్తరం స్టాఫ్ రూములో అందరికీ వినిపించావు. బాగుంది.

తోలుకి రెండు ముఖాలుంటాయి. ఒకటి నున్నన, ఒకటి గరుకు. నున్నటి ముఖం బయటికి రావాలి. గుడ్డలాగా రెండు పొరలు వేసి ఒకేసారి కొయ్యడానికి లేదు, ప్రతి తోలూ నున్నటి ముఖం పైకి పెట్టే కొయ్యాలి. అందుకే ఎడమచేతికి అట్టని తిరగేస్తాం. పైముఖం కిందికి పోవాలి. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడంటే లోపలిది బయటికి వచ్చిందని కదా. తాళంచెవి తిప్పుతాం, గడియారం ముల్లు తిప్పుతాం. తిప్పడం వేరు, తిరగేయడం వేరు. ఈ మాత్రం తెలియడానికి x, y అక్కర్లేదు.

గోడ మీది అంకెల్లో ఒక్కో వరసకి నాలుగు జతలు రాసుకొచ్చాను. కాపలా ఆయన చూస్తూ ఉన్నాడు, పాపం ఏమీ అనలేదు. కుడిచెయ్యి అని రాసిన వరసలో బొటనవేలి కొస 6, 2. నడిమి వేలి కొస 0, 11. మణికట్టు రెండు మూలలు 4, -9 ఒకటి, -4, -9 ఒకటి. ఎడమచెయ్యి అని రాసిన వరసలో బొటనవేలి కొస -6, -2. నడిమి వేలు 0, -11. మణికట్టు -4, 9, ఇంకోటి 4, 9.

సంతకం పెడితే పోయేదేముంది అన్నావు. పోయేది నేను. పెట్టను.

అత్త


ఫిబ్రవరి 17

అత్తా,

తిట్లన్నీ నాకు రావలసినవే. ఆ అంకెలు గళ్ళ కాగితం మీద పెట్టి చూశాను.

నీ కుడిచేతి బొమ్మ చక్కగా వచ్చింది. వేళ్ళు పైకి, బొటనవేలు కుడికి. ఎడమచెయ్యి కావాలంటే ముందంకె గుర్తు ఒక్కటే మారాలి. 6, 2 కాస్తా -6, 2 కావాలి. పైకున్నది పైకే ఉండాలి, కుడికున్నది ఎడమకి రావాలి. వాళ్ళు రెండంకెల గుర్తులూ మార్చేశారు. అప్పుడు బొమ్మ సున్నా చుట్టూ సగం చక్రం తిరిగింది, అంతే. బొటనవేలు తెర మీద ఎడమవైపు కనిపిస్తుంది నిజమే. కానీ వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. వేళ్ళు పైకి వచ్చేలా కాగితాన్ని పెట్టి చూస్తే బొటనవేలు మళ్ళీ కుడికే వస్తుంది. అదే కుడిచెయ్యి, తలకిందులుగా పడుకుంది.

తిప్పుతూ ఎన్నిసార్లు తిప్పినా కుడి ఎడమ కాదు. కాగితం మీంచి లేపి బోర్లిస్తేనే అవుతుంది. ఇది నేను నీకు చెప్పాల్సింది, నువ్వు నాకు చెప్పావు. సర్వసమానం అనే మాట పుస్తకంలో ఉంది కాబట్టి చేతికి సరిపోతుందో లేదో ఆలోచించనే లేదు. నీ తప్పే అయి ఉంటుందని ముందే అనుకుని, దానికి తగ్గట్టు లెక్క చెప్పాను. పిల్లలు అలా చేస్తే మార్కులు కోస్తాను.

నాకిప్పుడు నీకంటే ఎక్కువ కోపంగా ఉంది. అందుకే ఊరుకోలేదు. నిన్ననే మీ మేనేజరుకి బడి ముద్ర ఉన్న కాగితం మీద ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. ఒక లెక్కల టీచరు రాస్తే కాదనలేరు కదా. బొమ్మ వేసి, అంకెలు వేసి, "ఎడమచేతి నమూనా రావాలంటే కుడిచేతి నమూనాను y అక్షం మీదుగా తిప్పాలి" అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. ఈ వారంలో నీ కత్తెర నీకు వస్తుంది.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 22

నీ ఉత్తరం చేరింది. నాక్కాదు, మేనేజరుకి.

మధ్యాహ్నం టీ వేళ అందరినీ నిలబెట్టి చదివాడు. గొంతు సవరించుకుని మరీ చదివాడు. "కుడిచేతి నమూనాను తిప్పాలి" దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివాడు. తర్వాత నా వైపు చూసి, "మాస్టరమ్మా, మీ ఇంట్లో పిల్లే, లెక్కల టీచరే, బడి ముద్ర వేసి మరీ రాసింది. తిప్పాలని. మేం తిప్పాం. ఇంకేం కావాలి?" అన్నాడు. బొమ్మ ఎవరికీ చూపించలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కుట్టే వాళ్ళలో ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "మీ మేనకోడలు అలా రాసిందేంటి" అని అడిగింది. నేనేం చెప్పను? తిప్పడం వేరు, తిరగేయడం వేరు అని నీకు రాసి పది రోజులు కాలేదు. చదివావా అసలు?

ఇంకోటి విను. ఆ ఆరు వేలూ రెండేసి కుడివి జత కట్టి పంపేద్దామంటున్నాడు. "తోలే కదా, రెండు రోజులు వేసుకుంటే సాగుతాయి" అట. కుడి గ్లౌజు ఎడమచేతికి ఎక్కిస్తే అరచేతికి ఉండాల్సిన మందపాటి తోలు చేతి వెనక్కి పోతుంది. నిప్పురవ్వలు పడే అరచేతికి పల్చటి తోలు వస్తుంది. వేసుకునేవాడికి మన గొడవ తెలీదు. వాడి చెయ్యి కాలుతుంది. పెట్టెలు మడవడం ఆపేశాను. మడిస్తే కదా వాటిలో పెట్టి పంపేది. నా బల్ల మీద ఇప్పుడు మడవని అట్టల గుట్ట ఉంది, దాని వెనక నేను.

అవి ఇంకా పంపకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మార్చి ఒకటిన ఓనరు వస్తున్నాడు. ముందు ఆయనకి నా సంతకం పెట్టిన కాగితం చూపించి, ఆ తర్వాత పంపాలని మేనేజరు ఎత్తు.

నువ్వు ఇంకెవరికీ ఏమీ రాయకు. నాకు కూడా.

అత్త


ఫిబ్రవరి 26

అత్తా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాస్తాను. చించేస్తే చించెయ్, చదివాక చించు.

నిన్న తరగతిలో నలభై ఒక్కమందికీ తలా ఒక కాగితపు చెయ్యి కత్తిరించి ఇచ్చాను. "దీన్ని తిప్పండి" అన్నాను, ఇంకో ముక్క చెప్పలేదు. ముప్ఫై ఆరుగురు బల్ల మీదే గుండ్రంగా తిప్పారు. ఐదుగురు మాత్రం పేజీ తిప్పినట్టు బోర్లించారు. పేజీని కూడా తిప్పడమే అంటాం కదా, నా బుర్రలో ఉన్నది ఆ తిప్పడం. నేను ఆ ఐదుగురి మనసులోంచి రాసి, మీ మేనేజరు ముప్ఫై ఆరుగురి మనసుతో చదివేలా చేశాను. ఆయన కావాలనే అలా చదివాడని నాకు తెలుసు. కానీ ఆయనకి ఆ సందు ఇచ్చింది నేను.

పదకొండేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. బోర్డు మీద బోర్లించడానికి పరావర్తనం, గుండ్రంగా తిప్పడానికి భ్రమణం అని పెద్ద మాటలు రాస్తాను, నోటితో మాత్రం రెండింటికీ "తిప్పండి" అంటాను. పరీక్షలో తప్పు రాసిన వాళ్ళని మందబుద్ధులన్నాను. నీ దగ్గర పనిచేసిన వాళ్ళు ఇరవై ఆరేళ్ళలో ఒక్కరూ పొరబడలేదంటే, నువ్వు వాళ్ళకి అట్ట చేతిలో పెట్టి చూపించావు కాబట్టి.

దీనితో ఇంకో ఉత్తరం పెట్టాను. అందులో నేను రాసిన మాట తప్పని, నా అజాగ్రత్తని, అట్ట బోర్లించాలన్నదే నా ఉద్దేశమని ఉంది. ముద్ర కూడా ఉంది. ఓనరుకి చూపిస్తావో, పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. నేనెవరికీ పంపను.

ఒక్క సలహా, కోపం వచ్చినా సరే. ఓనరు దగ్గర తిప్పడం, తిరగేయడం అనే వాదనలోకి వెళ్ళకు. మాటల్లోకి దిగితే మేనేజరుదే పైచెయ్యి. ఆయన చేతికి గ్లౌజు తొడుగు.

వచ్చే ఆదివారం పొద్దున బండికి బయల్దేరి వస్తాను. వద్దంటే స్టేషన్లోనే కూర్చుని తిరుగు బండి ఎక్కుతాను.

నీ మేనకోడలు


మార్చి 3

పిడుగూ,

మొన్నే రాద్దామనుకున్నాను. చెయ్యి ఖాళీ కాలేదు.

ఓనరు పదకొండింటికి వచ్చాడు. ఆఫీసు గదిలో మేనేజరు, ఇంజనీరు, నేను. మేనేజరు నీ పాత ఉత్తరం, నా చీటీ పక్కపక్కన పెట్టి పావుగంట మాట్లాడాడు. మధ్యలో నేను నోరెత్తలేదు. నువ్వు నమ్మవు గానీ నిజం. ఆయన ఆపాక ఓనరు, "మీరేమంటారమ్మా" అన్నాడు. పంపడానికి కట్టిపెట్టిన జతల్లోంచి ఒకటి తీసి ఆయన ముందు పెట్టాను. "ఏమీ అనను సార్. తొడుక్కోండి" అన్నాను.

కుడిచేతికి తొడుక్కున్నాడు. బాగుంది. రెండోది ఎడమచేతికి ఎక్కించబోయాడు. బొటనవేలు దూరదు. గుంజాడు. మేనేజరు "కాస్త బిగువు సార్, సాగుతుంది" అన్నాడు. ఓనరు ఎలాగో ఎక్కించుకుని అరచెయ్యి చూసుకున్నాడు, వెనక్కి తిప్పి చూసుకున్నాడు. మందం తోలు ఎక్కడికి పోయిందో ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది. "దీంతో వెల్డింగ్ చేస్తారా" అని అడిగాడు.

అప్పుడు ఇంజనీరు నోరు విప్పాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని కూడా తిట్టుకున్నాను. "మాస్టరమ్మ మొదటిరోజే చెప్పారు సార్. నేను పక్కనే ఉన్నాను. తెర మీద బొటనవేలు ఎడమకి కనిపించింది, నేను సరే అనుకున్నాను. సాయంత్రం అంకెలు చూసుకుంటే తెలిసింది, రెండు గుర్తులూ మార్చానని. మేనేజరు గారికి చెప్పాను. మొదలుపెట్టింది ఆపితే పేరు పోతుంది, కానివ్వండి అన్నారు" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తెలిసీ నెలరోజులు ఊరుకున్నాడు, ఆ మాట అనడానికి ఇన్నాళ్ళు పట్టిందా అని నాకు మండింది. అయినా అన్నాడు.

ఓనరు గ్లౌజు ఊడదీసుకోడానికి కాసేపు పట్టింది. "ఇప్పుడీ ఆరు వేలూ ఏం చెయ్యాలి" అన్నాడు. నేను చెప్పాను, "ఏం చెయ్యక్కర్లేదు సార్. శుభ్రమైన కుడిచేతి గ్లౌజులు అవి. ఆరు వేలు ఎడమవి కోస్తే ఆరు వేల జతలవుతాయి. ఒక్క ముక్క తోలు కూడా వృథా పోదు." ఆయన మేనేజరు వైపు తిరిగి, "మరి ఈ నెలంతా మీరేం చేశారు" అని అడిగాడు. మేనేజరు, "తప్పెవరిదో తేలుస్తున్నాం సార్" అన్నాడు. అది విని ఓనరు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

మధ్యాహ్నానికి బోర్డు మీద నోటీసు పెట్టారు. "సమాచార లోపం వల్ల జరిగిన పొరపాటు సరిదిద్దబడుతోంది" అని. నా కత్తెర కూడా పంపించారు. నేను వెళ్ళి ఆ నోటీసు చదివి, తిరిగి వచ్చి నా అట్టల గుట్ట వెనక కూర్చున్నాను. లోపం ఎవరిదో లేదు, చెప్పిందెవరో లేదు, విననిదెవరో లేదు. రెండు గంటలు కూర్చున్నాను. కుట్టే వాళ్ళు కూడా మెషీన్లు ఆపి చూస్తున్నారు. నాలుగింటికి ఓనరే ఇంకో కాగితం రాయించి అంటింపజేశాడు. "మాస్టరమ్మ మొదటిరోజే తప్పు చూపించారు. కుట్టేవారు రెండోరోజు చూపించారు. మేము వినలేదు." కింద మేనేజరు సంతకం. అప్పుడు లేచాను.

నిన్నటి నుంచి ఎడమవి కోస్తున్నాం. ఇంజనీరు ప్రతి తోలుకీ ముందు తెర దగ్గరికి పిలిచి, సరేనా అని అడుగుతున్నాడు. నేను అంకెలు గళ్ళ కాగితం మీద పెట్టి చూసి సరే అంటున్నాను. పని మెల్లగా సాగుతోంది. సాగనీ.

నీ రెండో ఉత్తరం ఎవరికీ చూపించలేదు. అవసరం రాలేదు. నీ పేరు ఇంకోసారి ఆ గదిలో చదవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

నీ మీద కోపం పోయిందా అంటే, పోలేదు. ఆ తిప్పడం గురించి కాదు. మాట అందరికీ జారుతుంది. నువ్వు ముందు నాదే తప్పు అనుకున్నావు. మేనేజరు అనుకుంటే ఒళ్ళు మండింది, నువ్వు అనుకుంటే అన్నం సహించలేదు. ఆ తేడా నీకు ఏ గళ్ళ కాగితం మీద చూపించాలో నాకు తెలీదు.

స్టేషన్లో కూర్చోకు, అక్కడ బెంచీలు విరిగిపోయాయి. నేరుగా ఇంటికి రా. తలుపు తీస్తాను. కాసేపు మాట్లాడను, నువ్వే ఏదో ఒకటి మొదలుపెట్టు.

అత్త